రేణమ్మ పటం కింద రాసుండేది

మా ఇంట్లో దేవుడి గూట్లో ఒక మహారాణి కాపురముండేది. ఆ సంగతి నాకు పన్నెండేళ్ళు నిండేదాకా తెలియదు. మా అవ్వకు నలభై ఏండ్లు తెలియదు. తెలిసినవాడు మా తాత ఒక్కడే, ఆయన చెప్పకుండానే పోయినాడు. చెప్పలేదనడం కూడా తప్పే. చెప్పినాడు. అవ్వ చెవిలో అది వేరేగా పడింది.

మాది బెంగళూరు పేటలో మగ్గాల సందు. తరాల కిందటే వచ్చి పాతుకుపోయిన తెలుగు నేతవాళ్ళం. ముందు గదిలో గుంత మగ్గం, వెనక వంటిల్లు, ఆ రెంటికీ నడుమ మిగిలిన చోటులోనే తినేది, పడుకునేది, కొట్లాడుకునేది. వీధిలో కన్నడం, ఇంట్లో తెలుగు, అంగట్లో రెండూ కలిపి కొట్టిన ఇంకొక భాష. బళ్ళో నేను చదివింది కన్నడమే. ఇంట్లో అక్షరం ముక్క వచ్చిన మనిషిని కూడా నేనొక్కదాన్నే. నాయనకు సంతకం వచ్చు, అమ్మకు అదీ రాదు. నేను ఇంట్లో ఒక్కతే బిడ్డను కాబట్టి నా గొప్పకు పోటీ కూడా లేదు.

అవ్వది హొసకోటె పక్కన పల్లె. వాళ్ళ పుట్టింటి దేవత రేణుకమ్మ, వాళ్ళ నోట్లో రేణమ్మ. ఒంటిమీద పొక్కులు లేస్తే వాళ్ళు దాన్ని రోగమనేవాళ్ళు కాదు, అమ్మవారు వచ్చింది అనేవాళ్ళు. వాకిట్లో వేపమండలు కట్టి, మజ్జిగన్నం పెట్టి, "తల్లీ, వచ్చినదానివి చల్లగా పోయిరా" అని బతిమాలుకునేవాళ్ళు. ఆ వచ్చేపోయే అమ్మవారు వాళ్ళకు రేణమ్మే.

అవ్వ కాపురానికొచ్చిన కొత్తలో తాత పట్టునూలు అంగడి నుంచి ఒక క్యాలెండరు బొమ్మ తెచ్చి, అద్దం కట్టించి, "రాణమ్మ పటం, జాగ్రత్త" అని చేతిలో పెట్టినాడంట. పద్నాలుగేండ్ల పెండ్లికూతురు, మొగుడి ముఖం ఇంకా సరిగ్గా చూసిందో లేదో. ఆమెకు వినబడింది "రేణమ్మ పటం" అని. నా పుట్టింటి తల్లిని వెతికి మరీ తెచ్చినాడే అని మురిసిపోయి, గూట్లో నిలబెట్టి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టింది. తాత చూసి ఏమీ అనలేదంట. రాణికి దండం పెడితే తప్పేముందిలే అనుకుని ఉంటాడు. ఒక్క గుణింతం తేడా. అది తిరిగి తిరిగి నా చదువు మీదికి వచ్చింది.

ఆ పటం ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. తెల్లచీర, తలమీద కొంగు, కుర్చీలో నిటారుగా కూర్చుని, చేతిలో ఒక పుస్తకం. శూలం లేదు, సింహం లేదు, నాలుక బయట పెట్టలేదు. చదువుకునే అమ్మవారిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఒకసారి అడిగినాను, "అవ్వా, రేణమ్మకు కోపమే లేదేం ఇందులో?" అని.

"కోపంగా ఉండేటప్పుడు దగ్గరికి పోయి ఫోటో తీసేదానికి ఎవడికి గుండెలుండాయే?" అనింది అవ్వ. 

పటం అడుగున కన్నడంలో ఏవో మూడు లైన్లు అచ్చు వేసి ఉండేవి. ఏండ్ల తరబడి రాసిన గంధం, పసుపు వాటిమీద గోడ సున్నం లెక్కన పేరుకుపోయి, అక్షరాల తలకట్లు మాత్రం ఒకటీ అరా కనబడేవి.

అవ్వకు చదువు రాదు గాని, రాసిన కాగితం కనబడితే చాలు, వదిలే మనిషి కాదు. చింతపండు కట్టుకొచ్చిన పేపరు ముక్క, కాఫీపొడి పొట్లం, గోడమీద అంటించిన నోటీసు, బస్సు నెత్తిన బోర్డు, అన్నీ నేను చదివి చెప్పాల. "అమ్మీ, ఇందులో ఏం రాసుండాదే?" అని దినానికి పదిసార్లు. నేను చదువుతుంటే ఆమె పెదాలు కూడా కదిలేవి. నోటి మాట గాలికి పోతాది, రాసిందే నిలబడతాది అని ఆమె గట్టి నమ్మకం. ఒక్కొక్కసారి పొట్లం మీద వేలు పెట్టి, "ఈ కుండకు మూత పెట్టినట్ల ఉండాదే, అదేం అక్షరం?" అని అడిగేది.

"నీకెందుకు అవ్వా ఇప్పుడు?" అనేదాన్ని నేను. నాలుగు అక్షరాలు వచ్చిన పిల్లకు ఉండే పొగరు ఇంతా అంతా కాదు. అవ్వ ఏమీ అనుకోకుండా రాట్నం ముందుకు పోయి కూర్చునేది.

డెబ్బైల మొదట్లో దాకు వేసేవాళ్ళు ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు. దాకు అంటే టీకా. కన్నడం మాటే, మా నోట్లోనూ అదే. మా సందుకు వచ్చే ఆయన పొడుగ్గా, సన్నగా, చేతిలో తోలు సంచి పట్టుకుని వచ్చేవాడు. ఆయన సందు మొదట్లో కనబడితే చాలు, అవ్వ నన్నూ పక్కింటి పిల్లలు ముగ్గురినీ ఎత్తి మగ్గం గుంతలోకి తోసేది. పైన నాయన ఏమీ ఎరగనట్లు నేస్తూ ఉంటాడు. ఆయన కాళ్ళు తొక్కే పలకల పక్కన మేము నలుగురం ముడుచుకుని, తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని కూర్చునేవాళ్ళం. గవర్నమెంటుకు దొరకకుండా దాక్కోవడంలో మాకున్న అనుభవం దొంగలకు కూడా ఉండదు.

ఒకసారి ఆయన నేరుగా గడప దాకా వచ్చేసినాడు. "పిల్లలెవరూ లేరా అమ్మా?" అని కన్నడంలో అడిగినాడు.

"ఉంటే మాత్రం? మా ఇంట్లో తల్లి ఉండాదప్పా. ఆ తల్లి ఇంట్లో ఉండంగా బిడ్డలకు సూదులు పొడిపిస్తే ఊరుకుంటాదా? కావాలంటే చూడు," అని గూటివైపు చెయ్యి చూపించింది అవ్వ.

ఆయన వంగి చూసినాడు. గుంతలోంచి నాకు ఆయన ముఖం కనబడుతూనే ఉంది. నోరు తెరిచినాడు, మూసినాడు, మళ్ళీ తెరిచినాడు. తర్వాత చేతులు జోడించి దండం పెట్టి వెనక్కి తిరిగి పోయినాడు. "చూస్తివా, తల్లిని చూసి నోరు పెగల్లేదు వానికి," అని అవ్వ వారం దినాలు సందంతా చెప్పుకునింది. ఆయన నోరు ఎందుకు పెగల్లేదో నాకు తర్వాత గాని తెలియలేదు. పాపం, ఏ మాట ముందు చెప్పాలో తెలిసుండదు ఆయనకు.

ఏడో క్లాసు పరీక్ష అయిపోయింది, పాసైనాను. మా సందులో ఆడపిల్లలు అక్కడితో ఆగిపోయి రాట్నం ముందు కూర్చునేవాళ్ళు. కండెలు చుట్టడం అనే పని ఒకటుంది. మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టేదానికి దారాన్ని చిన్న చిన్న గొట్టాలకు చుట్టాల. పొద్దున మొదలుపెడితే చూపు ఆనే వరకూ అదే. అవ్వ యాభై దాటినా అదే చేస్తా ఉండేది, అమ్మ అదే చేస్తా ఉండేది, మూడో రాట్నం నా కోసం మూలలో తయారుగా ఉండేది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. నాకు హైస్కూలు కావాల. ఎందుకు కావాలంటే చెప్పలేను, ఆ రాట్నం వద్దు కాబట్టి కావాల.

విచిత్రమేమంటే ఇంట్లో ఎవరూ వద్దనలేదు. నాయన మగ్గం ఆపకుండానే "పోనీలే" అన్నాడు. అవ్వ కూడా "పోయి చేరుకో, బస్సు బోర్డులు ఇంకా బాగా చదువుతావు" అనింది. నేను ఎగురుకుంటా పోయి, ఆడపిల్లల హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్ ముందు నిలబడినాను.

ఆ మేడం లావు అద్దాల్లోంచి నన్ను చూసి, మార్కుల కాగితం చూసి, "ఏదీ, చెయ్యి" అనింది. రవిక చెయ్యి పైకి లాగి రెండు భుజాలూ వెతికింది. "దాకు మచ్చ ఎక్కడ?"

"లేదు మిస్."

"మచ్చ లేకపోతే ఈ బళ్ళో అడ్మిషన్ లేదు. వేయించుకుని సర్టిఫికేట్ పట్టుకురా. సోమవారం దాకా చూస్తాను, తర్వాత సీటు ఇంకొకరికి ఇచ్చేస్తాను."

నాకు ఏడుపు వచ్చింది. మేడంకు కనబడకూడదని తలెత్తి గోడ చూసినాను. గోడమీద, మేడం కుర్చీకి సరిగ్గా పైన, మా రేణమ్మ. అదే తెల్లచీర, అదే కుర్చీ, అదే పుస్తకం. కుంకుమ లేదు, గంధం లేదు, అంతే.

"అయ్యో, మా రేణమ్మ ఇక్కడుండాదే!" అనేసినాను, తెలుగులోనే.

మేడంకు తెలుగు వచ్చినట్లుంది. ఏ రేణమ్మ అని అడిగింది. దాచుకునే తెలివి లేక ఉన్నదంతా చెప్పేసినాను. ఈ తల్లి మా ఇంట్లో ఉందని, ఈమెకు కోపం వస్తుందని మా అవ్వ దాకు వేయనివ్వదని, మేము గుంతలో దాక్కుంటామని. మేడం మొదట నవ్వు ఆపుకుంది. తర్వాత ఆపుకోలేక అద్దాలు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఒసే పిచ్చిదానా, ఈమె దేవత కాదే. పాత కాలం మైసూరు మహారాణి. మొగుడు చిన్న వయసులోనే పోతే, కొడుకు పెద్దయ్యేదాకా రాజ్యం తనే చూసుకునింది. ఆడపిల్లలకు బళ్ళు పెట్టించింది. ఆసుపత్రులు, మంచినీళ్ళ కొళాయిలు, దాకు వేసే మనుషులు, అన్నిటి వెనకా పడి చేయించింది. నువ్వు ఈ గదిలో నిలబడుండావంటే ఈమె పుణ్యమే."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. దాకు వేయించిన రాణి మా ఇంట్లో దాకుకు అడ్డం పడింది. బళ్ళు తెరిపించిన రాణి నా బడి మూసేస్తా ఉంది. ఇంటికి నడుస్తా దారి పొడుగునా ఆమెను తిట్టుకున్నాను. నలభై ఏండ్లు టెంకాయలు తిన్నావే, ఒక్కసారన్నా నోరు తెరిచి నేను రేణమ్మను కాదని చెప్పగూడదా తల్లీ?

ఇంటికి పోయి చెప్పినాను. అమ్మ రాట్నం ఆపి అత్తవైపు చూసింది. అవ్వ తొణకలేదు, బెణకలేదు.

"చదువు వద్దని నేనంటినా? దాకు వద్దంటిని. దాకు లేకపోతే చదువు లేదని వాళ్ళంటే అది వాళ్ళ తప్పు. రేణమ్మకు ఇష్టం లేదేమో, వదిలేయ్."

"ఆమె రేణమ్మ కాదవ్వా! రాణమ్మ! మైసూరు రాణి! మేడం చెప్పింది!"

"మేడం చెప్తే అయిపోయిందా? ఆ యమ్మ మనింటికొచ్చి చూసిందా?"

"అత్తా, బిడ్డ ఏడుస్తా ఉండాది, ఒక్కతూరి..." అని అమ్మ ఏదో అనబోయింది. అవ్వ చెయ్యెత్తింది, అమ్మ మళ్ళీ రాట్నం తిప్పుకునింది. నాయన మగ్గం టకటక ఎక్కువైంది. మా నాయన కష్టమంతా ఆ చప్పుడులోనే చెప్పుకునేవాడు.

నేను మూలలో మూడో రాట్నం పక్కన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చినాను. అవ్వ కాసేపు చూసి, ఉన్నట్టుండి లేచింది. గూట్లోంచి పటం దించింది. తడిగుడ్డ తెచ్చింది.

"మేడం మాటా వద్దు, నా మాటా వద్దు. కింద ఏందో రాసుండాది గదా. ఆ యమ్మే ఏం చెప్పిందో చదువు. రాసింది ఉంటే నేను కాదనను," అని బొటనవేలి గోరుతో గంధం గీకడం మొదలుపెట్టింది. పెళ్ళలు పెళ్ళలుగా ఊడి వచ్చింది. అద్దం కింద మూడు లైన్లు తేటగా బయటపడినాయి. అవ్వ పటం నా ఒళ్ళో పెట్టి, ఎదురుగా గొంతుకూచుని, పెదాలు కదిలించేదానికి తయారుగా నన్ను చూసింది.

మొదటి లైను, శ్రీ మహారాణి వారు.  రెండో లైను, ఒక పట్టునూలు, జరీ అంగడి పేరు. మూడో లైను, మా దగ్గర అసలు జరీ దొరుకుతుంది, నకిలీ చూసి మోసపోవద్దు.

అంతే. దాకు లేదు, బడి లేదు, నా మాటే లేదు.  సోమవారం, రాట్నం, మేడం అద్దాలు, అన్నీ కళ్ళముందు తిరిగినాయి. అవ్వ "ఊ" అనింది.

"శ్రీ మహారాణి వారు," అని చదివినాను. అంతవరకూ నిజం. "రాణి అనే ఉంది అవ్వా, చూడు."

"రేణ అని లేదా?"

"రాణి."

"ఊ. తర్వాత?"

"తర్వాత..." రెండో లైను మీద వేలు పెట్టినాను. తడబడకుండా చదివేసినాను. దాన్ని తలుచుకుంటే నాకే ఇప్పటికీ ఆశ్చర్యం. "మా రాజ్యంలో ఉండే ఆడపిల్లలందరికీ దాకు వేయించవలెను." మూడో లైను. "ఆడపిల్లలందరినీ హైస్కూలుకు పంపవలెను. ఇది మా ఆర్డరు." జరీ అంగడివాడు మోసపోవద్దు అని హెచ్చరించిన లైను మీదనే వేలు పెట్టి నేను మోసం చేసినాను. బుద్ధిగా, స్పష్టంగా, బళ్ళో పద్యం అప్పజెప్పినట్లు.

మగ్గం ఆగిపోయింది.  అవ్వ అడిగిన మొదటి మాట నేను అనుకున్నది కాదు.

"ఈ యమ్మకు మొగుడుండాడా?"

"లేడవ్వా. చిన్నప్పుడే పోయినాడంట. ఈమే రాజ్యం చూసుకునిందంట."

అవ్వ పటం తన ఒళ్ళోకి తీసుకుంది. రాణి నొసటి మీద పొద్దున తను పెట్టిన కుంకుమ రూపాయి బిళ్ళంత ఉంది. అవ్వ నొసలు మాత్రం తాత పోయినప్పటి నుంచి బోసిగానే ఉండేది. తను పెట్టుకోగూడదు గాని తల్లికి పెట్టొచ్చు అని, తెల్లారితే మొదట చేసే పని అదే.

"మొగుడు పోయినదానికి నలభై ఏండ్లు కుంకం పెడితినా నేను!" అనింది. తప్పు చేసినట్లు అనిందని ముందు భయపడినాను. చూస్తే నవ్వుతా ఉంది. నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు కారినాయి, కొంచెం సేపటికి అవి నవ్వు నీళ్ళో కాదో తెలియలేదు. "పెట్టించుకునింది చూడు. వద్దని ఒక్కనాడన్నా అనలేదు."

తర్వాత ముక్కు చీది, కొంగు దోపుకుని లేచింది. "దేవతైతే కాళ్ళావేళ్ళా పడి బతిమాలుకోవచ్చు. రాణి ఆర్డరంటే వేరే. పోలీసోళ్ళు వస్తారు. అమ్మీ, రేపే దాకు వేయించుకో." ఆ రాణి ఎప్పుడో పోయింది, రాజ్యాలే పోయినాయి, ఎలక్షన్లు వచ్చి ఎన్నేండ్లో అయింది. నేను అవన్నీ గుర్తు చేయలేదు.

పటం గూట్లో పెట్టబోతూ ఒక్క క్షణం ఆగింది. "మాబోటోళ్ళ సంగతి ఏమన్నా రాసుండాదా? మళ్ళీ ఒకతూరి చూడు."

నేనప్పటికే అలసిపోయినాను. ఇంకొక అబద్ధం మోసే ఓపిక లేదు. దొరికిపోతానని భయం ఒకటి. "లేదవ్వా. పిల్లల సంగతే," అన్నాను.

"ఓహో," అని పటం పెట్టేసింది.

మరుసటి దినం ఆ పొడుగు ఆయన కోసం సందు మొదట్లో నిలబడింది అవ్వే. ఆయన నన్ను చూసి సూది తీసేలోగా పక్కింటి ముగ్గురినీ రెక్కలు పట్టుకుని లాక్కొచ్చింది. వాళ్ళ ఇంట్లోవాళ్ళు గలాటా చేస్తే, "రాణి ఆర్డరు ఉండాది, మా అమ్మి చదివింది, మీరేమన్నా రాణికంటే పెద్దోళ్ళా?" అని అరిచింది. మొన్నటిదాకా దాచిన చెయ్యే ఇప్పుడు పట్టిస్తా ఉంది. ఆయన రెండు మొనల సూదితో నా భుజం మీద టపటప పొడిచినాడు. పొడుస్తా పొడుస్తా అవ్వను అడిగినాడు, "ఇంట్లో తల్లి ఒప్పుకునిందా అమ్మా?" అని.

"ఆ యమ్మే పంపించింది," అనింది అవ్వ.

రెండు దినాలకు చెయ్యి వాచి జ్వరం వచ్చింది. అవ్వ నా తలకాడ వేపమండ పెట్టి మజ్జిగన్నం తినిపించింది. రాణి ఆర్డరు రాణిదే, రేణమ్మకు చేసే మర్యాద రేణమ్మదే, ఎందుకైనా మంచిది అని. సోమవారం సర్టిఫికేట్ పట్టుకుపోయి హైస్కూల్లో చేరినాను. మూడో రాట్నాన్ని అమ్మ ఎవరికో ఇచ్చేసింది. ఆ దినం అమ్మ ముఖంలో చూసిన సంతోషం మళ్ళీ నా పెండ్లిలో కూడా చూడలేదు.

ఆ ఆర్డరు అక్కడితో ఆగింటే బాగుండు. అవ్వ నోట్లో నువ్వుగింజ నానదు. సందులో ఏ ఇంట్లో ఆడపిల్లను బడి మాన్పించినా పోయి వాకిట్లో నిలబడేది. "రాణమ్మ రాసుండాది, పంపాల్సిందే." ఇద్దరు ముగ్గురు పంపినారు కూడా. పోను పోను ఆర్డరు పెరిగింది. నీళ్ళు కాచి తాగాలని రాసుండాదనేది. కొళాయి దగ్గర ఉమ్మగూడదని రాసుండాదనేది. నేను అవేవీ చదవలేదు. ఆమె తనంతట తనే చేర్చుకుంటా పోయింది, సాక్షికి మాత్రం నన్ను పెట్టింది. ఎవరన్నా అక్షరం వచ్చినవాడు మా ఇంటికొచ్చి పటం చూస్తే నా బతుకేం గాను? అవ్వ రోజూ రాసే గంధమే నన్ను కాపాడింది. ఆరు నెలల్లో ఆ మూడు లైన్లు మళ్ళీ పూడిపోయినాయి. ఒక్కొక్కసారి అవ్వ మరిచిపోతే నేనే భక్తిగా రెండు వేళ్ళు రాసేదాన్ని.

కొన్నేండ్లకు ఆ అమ్మవారి రోగమే దేశంలో లేకుండా పోయిందని రేడియోలో చెప్పినారు. అవ్వ అది తన సందులో మొదలైన పనే అనుకునింది. 

నేను కాలేజీ చదివి టీచరునైనాను. ఎనభైల నడుమ మా బళ్ళో శనివారం మధ్యాహ్నాలు పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పే క్లాసు పెట్టి, నాకు అప్పజెప్పినారు. మనుషులు తక్కువైతే నా మీద మాట వస్తుందని, లెక్కకు ఒక తల ఉంటుందిలే అని అవ్వను పిలుచుకుని పోయినాను. అదీ నేను ఆమెకు చదువు చెప్పిన కారణం. అప్పటికి ఆమెకు డెబ్బైకి దగ్గర. ముందు బెంచీలో పలక పట్టుకుని కూర్చునేది. కన్నడం "ప"ను మగ్గం మీది నాడె అనేది, "ఠ"ను చుక్కపెట్టిన ఉంగరం అనేది. మిగతావాళ్ళు వేలిముద్ర తప్పితే చాలనుకుని మానేసినారు, అవ్వ ఒక్క శనివారం మానలేదు. నాలుగు నెలలకు కాఫీపొడి పొట్లం తనే చదివింది. ఏడాదికి బస్సు బోర్డులు చదివి, నన్ను తప్పు బస్సు ఎక్కకుండా ఆపింది కూడా.

నేర్పించేటప్పుడు నాకు పటం గుర్తే రాలేదంటే నమ్ముతారా? కొరివితో తల గోక్కుంటా ఉండానని అప్పుడు తట్టలేదు.

ఒక శుక్రవారం పొద్దున కాఫీ తెచ్చి ఇవ్వబోతే అవ్వ గూటి ముందు లేదు. వాకిట్లో వెలుతురుకు కూర్చునుంది. ఒళ్ళో పటం. పక్కన తడిగుడ్డ, ఊడిన గంధం పెళ్ళలు. వేలు ఒక్కొక్క అక్షరం మీద పెట్టి, పెదాలు కదిలిస్తా చదువుతా ఉంది. మూడో లైనులో ఉంది.

"మో...స... హో...గ...బే...డి." మళ్ళీ ఒకసారి కూడబలుక్కుని, తనే తెలుగులో చెప్పుకునింది. "మోసపోవద్దు."

నేను కాఫీ గడప మీద పెట్టేసినాను. అవ్వ తల ఎత్తలేదు.

"ఇది జరీ అంగడోడి క్యాలెండరే అమ్మీ."

"అవును అవ్వా."

"ఆ పొద్దు నువ్వు చదివింది ఇందులో యాడా లేదు."

"లేదు."

"పడుగూ పేకా అంతా నువ్వే."

"నేనే అవ్వా," అన్నాను. తిడుతుందని ఎదురుచూసినాను. తిట్టుంటే బాగుండు. సందంతా తలెత్తుకుని చెప్పింది ఆమె, పదమూడేండ్లు. కాళ్ళు పట్టుకుందామని కింద కూర్చున్నాను.

అవ్వ నవ్వింది. "నేతోళ్ళ బిడ్డవు, నేసినావు. మంచిదేలే, నువ్వు చదువుకుంటివి, పక్కింటోళ్ళు చదువుకునిరి, ఎవురికీ అమ్మవారు పోయలేదు." తడిగుడ్డతో రాణి ముఖం తుడిచి, వేలితో కుంకుమ తీసి, ఎప్పటి మాదిరే నొసట పెట్టింది. పెట్టి, ఆ వేలు అట్లనే అద్దం మీద ఉంచుకునింది.

"నేను అడిగితి గదా ఆ పొద్దు," అనింది. "మాబోటోళ్ళ సంగతి ఏమన్నా రాసుండాదా అని, మళ్ళీ ఒకతూరి చూడమని."

నేను ఊడిన గంధం పెళ్ళలు ఏరతా కూర్చున్నాను.

"ఎట్లాగూ లేని ఆర్డరే గదమ్మీ. అవ్వలకు కూడా అక్షరాలు నేర్పించవలెను అని ఇంకొక లైను చదివుంటే, నీ సొమ్మేం పోయుండు?"